పడవ కొలత, లాకు కొలత: గోదావరి సీమలో వీడియో వృత్తి పూర్వకథ

ధవళేశ్వరము కడ 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియైన ఆనకట్ట నుండి తూర్పు డెల్టాకును, కోనసీమ యనబడు మధ్య డెల్టాకును, పడమటి డెల్టాకును సాగిన కాలువలు పైరులకు నీరందించుటకే గాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినవి గనుక, నీటిమట్టము దిగవలసిన తావులందు లాకులు కట్టబడినవి. ధాన్యపు బస్తాలును కొబ్బరికాయలును నింపుకొని కాకినాడకో ఏలూరునకో సాగు పడవకు తెరచాప ఎంత చక్కగ అమరినను, సరంగు ఎంత నేర్పరియైనను, ఆ పడవ వెడల్పు తాను దాటవలసిన లాకు గది వెడల్పుకంటె ఒక మూర హెచ్చైనచో ప్రయాణము అక్కడనే ఆగిపోవును. కావున పడవ కట్టించువాడు కలప కొనుటకు ముందే లాకు కొలత విచారింపవలసియుండెను. చిత్రమును పట్టు కెమెరాకును, పట్టిన చిత్రమును కోసి కూర్చు యంత్రమునకును నడుమ గల సంబంధము ఇట్టిదే. గోదావరి సీమలోని పెండ్లి వీడియో వృత్తి చరిత్ర యంతయు ఈ రెండు కొలతలు ఎప్పుడు పొసగినవి, ఎప్పుడు పొసగలేదు, పొసగనప్పుడు వృత్తివారేమి చేసిరి అను ప్రశ్న చుట్టును తిరుగుచున్నదని నా నమ్మకము. కెమెరా కొన్నవాని పేరు ఊరిలో పదిమందికి తెలియును. ఆ కెమెరా వ్రాసినదానిని మరియొక యంత్రము చదువునట్లు చేసినవాని పని ఎవరికిని కనబడదు. కనబడని ఆ పనియే ఈ వ్యాసమునకు విషయము.

వీడియో రాకకు మునుపు ఈ చిక్కు ఇంచుమించుగ లేదనవచ్చును. కాకినాడకు చెందిన సి. పుల్లయ్యగారు మూకీల దినములలోనే తమ ఊరిలో భక్త మార్కండేయ చిత్రమును తీసి, అటుపిమ్మట కలకత్తాకు పోయి ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకై సతీ సావిత్రిని, 1934లో లవకుశను తీసిరి. రాజమహేంద్రవరమున నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ అను స్టూడియోను నెలకొల్పగా 1936లో సంపూర్ణ రామాయణము వెలువడెను; ఆంధ్రదేశపు గడ్డమీద వెలసిన తొలి స్టూడియోగా దానిని చెప్పుకొందురు. కాకినాడలో పని నేర్చినవాడు కలకత్తాలో అదే పనిని చేయగలుగుటకును, గోదావరి గట్టున తీసిన చిత్రము ఏ పట్టణపు హాలులోనైనను ఆడుటకును కారణమొక్కటే: 35 మిల్లీమీటర్ల వెడల్పు, చట్రమునకు ఇరుప్రక్కల నాలుగేసి రంధ్రములు గల ఫిల్ము 1909 నాటికే దేశదేశముల వారు ఒప్పుకొన్న కొలతయై యుండెను. మాట వచ్చిన పిమ్మట సెకనుకు 24 చట్రములన్నదియు స్థిరపడెను. రాజమహేంద్రవరమున జన్మించిన ఆదుర్తి సుబ్బారావుగారు దర్శకులగుటకు పూర్వము ఎడిటరుగా కత్తెర పట్టినవారు. వారి మూగమనసులు 1964లో వెలువడినప్పుడు గోదావరి నీటి మెరుపులను తెలుగువారందరు తెరమీద చూచిరి. నదిమీద తీసిన ఆ ఫిల్ము ఎడిటింగు బల్ల చేరినప్పుడు, ఇది ఏ ఫార్మాటు, ఈ బల్లమీద ఆడునా ఆడదా అని ప్రశ్నింపవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు. చేతితో పట్టి దీపమునకు ఎదురుగా ఎత్తిచూచినచో బొమ్మ కంటికి కనబడుట ఫిల్మునకు గల గొప్ప గుణము. యంత్రము లేకున్నను అది తన్నుతాను చూపుకొనగలదు. తరువాతి కాలమున వచ్చినవేవియు అట్టివి కావు.

చిన్న ఫిల్ముల విషయమున మాత్రము తొలి హెచ్చరిక అప్పుడే వినబడినది. 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్మును, 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్మును వేడుకకు చిత్రములు తీసుకొనువారికై కొడాక్ వారు తెచ్చిరి. 1965లో వచ్చిన సూపర్ 8 అను దాని వెడల్పు కూడ 8 మిల్లీమీటర్లే. అయినను రంధ్రముల పరిమాణము వేరగుటచే పాత ప్రొజెక్టరు క్రొత్త ఫిల్మును లాగలేదు. పేరొక్కటే, వెడల్పొక్కటే, పొందిక మాత్రము లేదు. అట్టి కెమెరాలు ఈ ప్రాంతమున కొలది సంపన్నుల యిండ్లను దాటి రాలేదు గనుక ఈ చిక్కు జనసామాన్యమును బాధింపలేదు.

సామాన్యుల పెండ్లిండ్లకు ఫొటో స్టూడియోలే దిక్కు. 120 రోలున పండ్రెండు చదరపు బొమ్మలు, 35 మిల్లీమీటర్ల రోలున ముప్పదియారు బొమ్మలు వచ్చుచుండుటచే ఫొటోగ్రాఫరు లెక్కించి లెక్కించి నొక్కవలసియుండెను. పొదుపు నేర్పిన వృత్తి అది. రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము, అమలాపురము, తణుకు మొదలగు ఊళ్ళలో తరువాత వీడియో పట్టినవారు పెక్కుమంది ఈ స్టూడియోల నుండి వచ్చినవారే యగుటచే, ఆ జాగ్రత్త వారి చేతులలో కొంతకాలము నిలిచియుండెను.

మన దేశమున దూరదర్శనమునకు రంగులు 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన యేట వచ్చినవి. జర్మనీలో రూపొందిన పాల్ పద్ధతిని మనవారు ఎన్నుకొనిరి: చట్రమునకు 625 గీతలు, సెకనుకు 25 చట్రములు. అమెరికాలోను జపానులోను నడచు ఎన్.టి.ఎస్.సి. పద్ధతికి 525 గీతలు, ఇంచుమించు 30 చట్రములు. ఇంటి దీపములకు వచ్చు విద్యుత్తు మనకు సెకనుకు 50 ఆవృత్తులదియు అమెరికావారికి 60 ఆవృత్తులదియు అగుటయే ఈ భేదమునకు మూలము. రాజమహేంద్రవరపు కల్యాణమండపమునకు దీని ప్రసక్తి యేమని ఆ దినములలో ఎవరైన అడిగియుందురేమో గాని, 25, 30 అను ఆ రెండు అంకెలే తరువాతి నలువదియేండ్లు ఈ వృత్తివారి వెంట నడచినవి.

సోనీ వారి బీటామాక్స్ 1975లోను, జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్. 1976లోను వీడియో క్యాసెట్టు పద్ధతులుగ పుట్టగా, కొలదికాలములోనే రెండవది లోకమును గెలిచెను. 1980ల ఉత్తరార్ధమున గోదావరి జిల్లాల పెండ్లి పందిళ్ళలోనికి భుజముమీద మోయు కెమెరా ప్రవేశించెను. పానసోనిక్ వారి ఎం తరగతి కెమెరాలో మూడు గంటల ఇ-180 క్యాసెట్టు నేరుగా పట్టుచుండుట అందరకు నచ్చిన సౌకర్యము. కెమెరామాను వెనుక హాలోజను లైటు పట్టుకొని ఒక కుఱ్ఱవాడు, ఆ కుఱ్ఱవాని వెనుక బారెడు వైరు, వైరు చివర గొడగొడలాడు జనరేటరు: ఇది అప్పటి పరివారము. ఆ వెలుగు వేడికి పెండ్లికూతురి నుదుట బాసికము క్రింద చెమట పట్టుటయు, పురోహితుడు కన్నులు చికిలించుటయు నాటి క్యాసెట్లలో నేటికిని చూడవచ్చును. సినిమావారికి నచ్చని దృశ్యమును మరల తీసికొను అధికారము కలదు. జీలకఱ్ఱ బెల్లము శిరసున నుంచు ముహూర్తము, మాంగల్యధారణ, తలంబ్రాల సందడి రెండవమారు జరుగునవి కావు. కావున యంత్రముల పొందికను ముందుగా పరీక్షించుట ఈ వృత్తికి సినిమాకంటెను ముఖ్యము. అనుభవశాలి పెండ్లికి ముందునాడే క్యాసెట్టు పెట్టి, అర నిముసము రికార్డు చేసి, వేరొక వి.సి.ఆర్.లో ఆడించి చూచెడివాడు. తన కెమెరాలో తాను బాగుగ ఆడుట చాలదు. కెమెరాలో టేపుపై వ్రాయు హెడ్డు ఏ కొంచెము తప్పియున్నను ఆ తప్పు ఆ కెమెరాకే సరిపోవును, ఇతర యంత్రములో గీతలు పడును. కస్టమరు వి.సి.ఆర్.లో ఆడినప్పుడే అది ఆడినట్లు.

దూరదేశముల వారి సంగతి ఇక్కడనే వచ్చుచున్నది. కోనసీమ నుండియు నరసాపురము ప్రాంతము నుండియు కువైటు, మస్కటు, దుబాయి పోయి కష్టించి సంపాదించినవారు సెలవులకు వచ్చునప్పుడు టేపురికార్డరులతో పాటు వి.సి.ఆర్.లను, కొందరు కెమెరాలను గూడ తెచ్చిరి. ఆ దేశములందును పాల్ పద్ధతియే గనుక అక్కడ కొన్నది ఇక్కడ ఆడెను. ఇక్కడి పెండ్లి క్యాసెట్టు పెట్టెలో సర్దుకొనిపోయినచో అక్కడి గదిలో పదిమంది కూర్చుండి చూచుటకు ఆటంకము లేకుండెను. అమెరికాకు పోయినవారి గతి అట్లుండలేదు. 1990లలో ఉద్యోగములకై పోయిన యువకులు అక్కడ కొన్న హ్యాండీకాం తెచ్చి చెల్లెలి పెండ్లి తీసినచో, ఇక్కడి టీ.వీ.లో బొమ్మ పైకి క్రిందికి దొరలెడిది, లేదా రంగు పోయి నలుపు తెలుపులు మిగిలెడివి. ఇక్కడి తల్లిదండ్రులు పంపిన క్యాసెట్టును అక్కడి యంత్రము అదే విధముగ తిరస్కరించెడిది. పైపెచ్చు హ్యాండీకాంలో నుండు వీడియో 8, హై 8 అను చిన్న క్యాసెట్లు వి.సి.ఆర్. నోటిలోనికి పోనే పోవు; కెమెరానుండి తీగ వేసి ఎక్కించుకొనవలసినదే. ఈ కారణమున పట్టణములలో కొందరు వృత్తివారు అన్ని పద్ధతులను చదువగల మల్టీసిస్టం వి.సి.ఆర్.ను సమకూర్చుకొని ‘అమెరికా క్యాసెట్లు మార్చబడును’ అను పనిని ఒక ప్రత్యేక సేవగా చేసిరి. మునిమనుమని తొట్టెలలో వేసిన వేడుకను తాతమ్మ చూచుటకు అట్టి మార్పు పని నిజముగ ద్వారము తెరచినది. దానికి పుచ్చుకొనిన రుసుము న్యాయమైనదని నేననుకొందును.

తీసిన దానిని కూర్చు పనికి ఈ సీమలో మిక్సింగ్ అనియే పేరు. ఒక వి.సి.ఆర్.లో అసలు క్యాసెట్టు ఆడుచుండగా, నడుమ మిక్సరు పెట్టి, మరియొక వి.సి.ఆర్.లో క్రొత్త క్యాసెట్టు మీదికి వలసిన భాగములను ఎక్కించుట దాని విధానము. వి.హెచ్.ఎస్. టేపులో అడ్డముగ తేలు వివరము ఇంచుమించు 240 గీతలు మాత్రమే. దానినుండి మాస్టరు, మాస్టరునుండి వరుని యింటికొక కాపీ, వధువు యింటికొక కాపీ అనునప్పటికి మొగములు మెత్తబడి, ఎఱ్ఱరంగు అంచులు దాటి కారిపోయెడిది. అందువలన మిక్సింగు వారు తరము తరమునకు నష్టమెంతయో ఎరిగి, ఎన్నిమార్లు ఎక్కింపవచ్చునో ముందే నిర్ణయించుకొనుచుండిరి. తామరరేకులు విచ్చుకొని లోపల దంపతులు కనబడుటయు, హృదయాకారములో వరుని మొగము తేలుటయు ఆ మిక్సరు చేయు వింతలు. వానిని చూచి నేటివారు నవ్వుదురు గాని, రెండు వి.సి.ఆర్.లను ఒకే లయలో నిలిపి ఆ పని చేయుటకు వలసిన చేతి నిదానము సామాన్యమైనది కాదు. నేను విచారించునది వేరొకటి కలదు. బొమ్మ క్రింద సినిమాపాట పోయుట ఆచారమైన కారణమున, పందిటిలో ముత్తైదువలు పాడిన మంగళహారతులును, బంతి భోజనముల వేళ వియ్యాలవారి ఎత్తిపొడుపు పాటలును చెరిపివేయబడినవి. అసలు క్యాసెట్టును మరల మరియొక పెండ్లికి వాడుకొనుట పొదుపుగా తోచెడిది గనుక ఆ శబ్దములు రెండవచోట మిగిలియుండుటకును అవకాశము తక్కువ. ఈ వృత్తి చేసిన మేలులు పెక్కు. ఇది మాత్రము తీరని లోటు.

బృహస్పతి సింహరాశిని ప్రవేశించునప్పుడు పండ్రెండేండ్ల కొకసారి గోదావరికి పుష్కరములు వచ్చును. 1979 నాటి పుష్కరములను జ్ఞాపకముంచుకొనవలెనన్నచో ఫొటోలే సాధారణుల కాధారము. 1991 నాటికి వి.హెచ్.ఎస్. కెమెరా స్నానఘట్టమునకు వచ్చెను. 2003లో చిన్న డిజిటల్ క్యాసెట్టు. 2015లో చేతిచేతిలోను మొబైలు ఫోను. ఒక పుష్కరమున తీసినదానిని మరుసటి పుష్కరము నాటి యంత్రము నేరుగా చదువలేకుండుట ఈ క్రమమున స్పష్టముగ కనబడుచున్నది. ఏటి గాలిలోని తేమ దీనికి తోడైనది. కోనసీమ యిండ్లలో బీరువా అడుగున చేరిన క్యాసెట్టులకు తెల్లని బూజు పట్టును. బూజు పట్టిన టేపును శుభ్రము చేయక ఆడించినచో హెడ్డు మూసుకొని యంత్రమును గూడ చెఱచును. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను విధ్వస్తము చేసినప్పుడు కొబ్బరితోటలతోను ఇంటికప్పులతోను బాటు ఎన్ని ఆల్బములు, ఎన్ని క్యాసెట్లు నీటిపాలైనవో ఊహించుకొనవలసినదే.

1995లో వచ్చిన డి.వి. పద్ధతి ఈ వృత్తిని కంప్యూటరు ఎదుట కూర్చుండబెట్టినది. అరచేతిలో ఇముడు మినీ డి.వి. క్యాసెట్టులో గంటసేపు చిత్రము అంకెల రూపమున నిక్షిప్తమగును. ఫైర్‌వైర్ అను తీగద్వారా కంప్యూటరు లోనికి దిగును. ఎన్నిమార్లు నకలు తీసినను మొగము మెత్తబడదు. మిక్సింగువారి చిరకాలపు బాధ ఒకటి దీనితో తీరినది. తీరిన బాధకు బదులు మరికొన్ని వచ్చినవి. గంట చిత్రమునకు ఇంచుమించు 13 గిగాబైట్ల చోటు కావలెను. నాటి కంప్యూటరులలో 40 గిగాబైట్ల డిస్కే గొప్ప. మూడు క్యాసెట్ల పెండ్లి దించునప్పటికి డిస్కు నిండిపోయెడిది. ఫాట్ 32 అను ఏర్పాటుగల డిస్కులో ఏ ఫైలును 4 గిగాబైట్లను మించరాదు గనుక 20 నిమిషములు నిండకముందే దించుట ఆగిపోవుచుండుటయు, కారణము తెలియక తీగ చెడినదని క్రొత్త తీగ కొనుటయు ఆ కాలపు క్రొత్తవారికి సామాన్యమైన అనుభవములు. ఫైర్‌వైర్ రంధ్రము లేని కంప్యూటరు కొని, పిమ్మట కార్డు వేయించుకొనుటయు అట్టిదే.

సాఫ్టువేరు విషయమున మెట్లు ఏర్పడినవి. 2000లో విండోసుతో బాటు ఉచితముగ వచ్చిన మూవీ మేకరు, కొలది వెలకు దొరకు పినాకిల్ స్టూడియో, యూలీడ్ వీడియోస్టూడియో తొలిమెట్టువారివి. అడోబీ ప్రీమియర్ పై మెట్టుది. జపాను దేశపు కనోపస్ వారి ఎడియస్ పెండ్లి ఎడిటర్లకు ప్రత్యేకముగ ప్రీతిపాత్రమైనది. ఎడియస్ ఇంతగా ఆదరింపబడుటకు కారణము దాని అలంకారములు కావు. వేర్వేరు కెమెరాల చిత్రములను, వేర్వేరు కొలతలను ఒకే వరుసలో మార్పు లేకుండ పెట్టి వెంటనే ఆడించుటకు అది అనుమతించెను. ఇద్దరు కెమెరామెన్లు రెండు కెమెరాలతో వచ్చు ఊరిలో ఆ గుణమునకు ఎంత విలువ యుండునో వేరుగ చెప్పనక్కరలేదు. కూర్చినదానిని సి.డి.గానో డి.వి.డి.గానో ఇచ్చునప్పుడు గూడ కొలత తప్పరాదు: వి.సి.డి.కి 352 చేత 288, డి.వి.డి.కి 720 చేత 576, సెకనుకు 25 చట్రములు. అమెరికా మాదిరి ఎంపిక పొరపాటున ఉండిపోయినచో, ఎడిటింగు గదిలో సలక్షణముగ ఆడినది పెండ్లివారింటి ప్లేయరులో కుదుపులు కుదుపులుగా నడచెడిది.

టేపు పోయి మెమరీ కార్డు వచ్చినప్పుడు అసలైన చిక్కు మొదలైనది. 2006లో సోనీ, పానసోనిక్ సంస్థలు కలిసి ప్రకటించిన ఎ.వి.సి.హెచ్.డి. పద్ధతిలో చిత్రము హెచ్.264 అను గాఢమైన కుదింపుతోను, శబ్దము తరచు డాల్బీ కుదింపుతోను ఎం.టి.ఎస్. అను తోకపేరుగల ఫైలులలో ఉండును. చదువరులు ఇక్కడ ఒక భేదమును గట్టిగ పట్టుకొనవలెను. ఫైలు పేరు చివరనుండు ఎం.టి.ఎస్., ఎం.ఓ.వి., ఎం.పి.4, ఎ.వి.ఐ. అనునవి చిత్రమును శబ్దమును కలిపి యుంచు పెట్టెలు మాత్రమే. ఆ పెట్టెలో చిత్రము ఏ రీతిగ కుదింపబడినదో, శబ్దము ఏ రీతిగ కుదింపబడినదో తెలుపునది కోడెక్. ఎం.పి.4 తెరచు సాఫ్టువేరు ప్రతి ఎం.పి.4ను తెరవగలదనుకొనుట అందుచేతనే పొరపాటు. విండోస్ ఎక్స్‌పీ నాటి మూవీ మేకరు ఈ కార్డు ఫైలులను బొత్తిగ గుర్తింపలేదు. కొన్ని సాఫ్టువేరులు చిత్రమును చూపి శబ్దమును విడిచెను. మంత్రము వినబడని మాంగల్యధారణ అప్పుడు తెరమీద ప్రత్యక్షమయ్యెను. కార్డులోని ఫోల్డరుల నన్నిటిని యథాతథముగ దించుకొనక, కంటికి కనబడిన ఎం.టి.ఎస్. ఫైలులను మాత్రము ఏరి తెచ్చుకొన్నవారికి, కెమెరా ముక్కలుగ విఱిచిన దీర్ఘచిత్రము అతుకుల దగ్గర తెగి, సన్నాయి ఒక్క క్షణము మింగబడినట్లు వినబడెను. ఇక పాత డి.వి.లో చట్రములోని రెండు అర్ధభాగములలో క్రింది గీతలు ముందు వచ్చును, క్రొత్త హెచ్.డి.లో పై గీతలు ముందు వచ్చును. ఈ వరుస తెలియక రెంటిని కలిపినచో ఊరేగింపులోని ప్రతి అడుగు ముందుకు వెనుకకు కొట్టుకొనుచుండును. ఇట్టి దోషమును చూచిన వెంటనే పేరుపెట్టి చెప్పగల ఎడిటరు ఊరికొకడుండిన చాలును, ఆ ఊరి పెండ్లిండ్లు బ్రతికినట్లే.

2008లో కానన్ 5డి మార్క్ 2 వచ్చుటతో ఫొటో తీయు కెమెరాయే సినిమావంటి చిత్రమును ఇచ్చుట ఆరంభమై, స్టూడియో వారికి మరల మంచి దినములు వచ్చెను. వెనుకనున్న పందిరి మసకబారి వధువు మొగము మాత్రము తేటపడి కనబడు ఆ అందమునకు లోబడని ఊరు లేదు. అయినను అది తొలుత సెకనుకు 30 చట్రములు మాత్రమే తీసెడిది. 25 చట్రముల ఏర్పాటును కానన్ వారు 2010లో గాని ఇవ్వలేదు. ఆ నడుమ కాలమున మన ట్యూబులైట్ల క్రింద వెలుగు అలలు అలలుగ కదలుటయు, ఇతర కెమెరాల 25తో కలిపినప్పుడు నడక తొట్రుపడుటయు తప్పలేదు. పైగా 4 గిగాబైట్ల అవధి కారణమున ఒక్కొక్క చిత్రము ఇంచుమించు 12 నిమిషములకు ఆగిపోవును. కన్యాదాన సంకల్పము ప్రవరలతో సాగుచుండగా కెమెరా తనంతట తాను ఊరకుండునని ముందుగా తెలిసినవాడు రెండవ కెమెరాను నిలబెట్టుకొనెను, లేదా సంకల్పము నడుమ విరామము చూచి తానే ఆపి మరల మొదలుపెట్టెను.

మొబైలు ఫోనుల నాడు అందరును వీడియోగ్రాఫర్లైరి గనుక ఈ పొందిక పరీక్ష వృత్తివారి విద్యగా మాత్రమే యుండుటకు వీలులేకపోయినది. ఫోనులు పెక్కు సెకనుకు 30 చట్రములని చెప్పుచునే వెలుతురును బట్టి ఆ సంఖ్యను లోలోపల పెంచి తగ్గించుచుండును. కొన్ని ఎడిటింగు సాఫ్టువేరులు దానిని స్థిరమైనదిగ భావించుటచే మొదట సరిగా నున్న శబ్దము పదినిమిషములు గడచునప్పటికి పెదవుల కదలిక నుండి జారిపోవును. 2013లో ప్రమాణముగ వెలువడిన హెచ్.265ను 2017 నుండి ఐఫోనులు తామే ఎన్నుకొనుచున్నవి. చోటు సగము చాలును గాని, పాత కంప్యూటరులో అది తెరచుకొనదు, తెరచుకొన్నను అడుగు తీసి అడుగు వేయదు. నేటి ఖరీదైన కెమెరాలు వ్రాయు 10 బిట్ల చిత్రమును చదువుటకు, గ్రాఫిక్స్ కార్డు ఎంత వెలదైనను, ఆ తరగతిని గుర్తించునదో కాదో విచారింపవలసియుండును.

ఈ సీమలో నేర్పరులైన ఎడిటర్లు క్రొత్తగ వచ్చిన పిల్లలకు నేర్పు పరీక్ష ఇట్లుండును. కెమెరా కొనుటకు ముందే అంగడిలోనో మిత్రుని వద్దనో దానితో ఒక చిన్న చిత్రమును, వీలైనచో పదిహేను నిమిషముల దీర్ఘ చిత్రమొకదానిని తీసి, తన కంప్యూటరునకు తెచ్చుకొని, మీడియా ఇన్ఫో వంటి ఉచితపు పనిముట్టులో దాని పెట్టె, కోడెక్, చట్రముల సంఖ్య స్థిరమా చరమా, శబ్దపు రీతి చూచుకొనవలెను. వి.ఎల్.సి.లో ఆడినంతనే సంతోషింపరాదు, వి.ఎల్.సి. దాదాపు అన్నిటిని ఆడించును, ఎడిటింగు సాఫ్టువేరు అట్లు కాదు. దీర్ఘ చిత్రము చివర చప్పట్లు చరచి శబ్దము చేతులతో కలియునా యని చూడవలెను. పిమ్మట కూర్చి, బయటికి తీసి, పెన్‌డ్రైవులో వేసి, కస్టమరు ఇంటిలో నుండునట్టి సాధారణ టీ.వీ.లో ఆడించవలెను. పొసగనిచో హ్యాండ్‌బ్రేక్ వంటి దానితో 25 స్థిర చట్రముల హెచ్.264గా మార్చుకొనుటయో, ఎడిటింగునకు తేలికయైన ప్రతిరూపములను చేసికొనుటయో మార్గము. ఆ మార్పునకు పట్టు సమయమును పెండ్లివారికి చెప్పిన గడువులో ముందే కలుపుకొనవలెను. దసరా గడచి మాఘ ఫాల్గునములు వచ్చునప్పటికి వరుస ముహూర్తములు. ఆ దినములలో పరీక్షకు తీరిక చిక్కదు గనుక ఆషాఢమే దానికి తగిన మాసము.

ఇప్పుడు ఈ వృత్తి వెనుకకు తిరిగి తన పాత క్యాసెట్లను తానే చదువవలసిన ఘట్టము వచ్చినది. వి.సి.ఆర్.లను తయారుచేయుచున్న చివరి సంస్థయైన జపాను దేశపు ఫునాయ్ 2016 జులైలో ఆ పనిని మానుకొన్నది. మిగిలిన యంత్రముల హెడ్డులు అరుగుచున్నవి. బాగుచేయు మెకానికులు వృద్ధులగుచున్నారు. తల్లిదండ్రుల వివాహ క్యాసెట్టును పట్టుకొని వచ్చిన యువకునితో మంచి పనివాడు మొదట వెల మాటాడడు, అది వి.హెచ్.ఎస్.యా, హై 8యా, మినీ డి.వి.యా చూచును, పాల్ అగునా ఎన్.టి.ఎస్.సి. అగునా విచారించును, మూత ఎత్తి బూజు చూచును. ఆడించునప్పుడు గూడ అందముకొరకు 30 చట్రములకు మార్చక, గీతలను కలిపివేయక, టేపులో నున్న 25 చట్రములను యథాతథముగ దింపి, ఆ ప్రతిని రెండు డిస్కులలో భద్రపఱచి, వేరుగ ఫోనులో చూచుకొనుటకు ఎం.పి.4 ప్రతి నొకదానిని చేసి ఇచ్చును. ఒకప్పుడు కువైటు యంత్రములో ఆడి అమెరికా యంత్రములో దొరలిపోయిన ఆ పెండ్లియే ఎం.పి.4గా ఫోనుకెక్కి, అన్న యున్న కువైటునకును చెల్లెలున్న డల్లాసునకును ఒకే సాయంకాలమున చేరి, రెండు చోట్లను ఒకే రీతిగ ఆడుచున్నది.